తార్నాకలో చెమట పట్టిన స్పోర్ట్స్ కారు

మొన్న శనివారం సాయంత్రం మా తార్నాక వీధిలోకి ఓ స్పోర్ట్స్ కారు వచ్చి ఆగింది. అంతే, పిల్లల క్రికెట్ ఆట ఆగిపోయింది. తీరా చూస్తే అందులోంచి దిగింది మా పక్కింటి కుర్రాడు! కారు అతనిది కాదులెండి, స్నేహితుడిది. అంతకు వారం ముందే ఇద్దరూ చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద ఇదే కారు తిప్పి వచ్చారట. నాన్నకు చూపించాలని తెచ్చాడు. ఆ నాన్న ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి. "మీరూ రండి" అంటే నేనూ ఎక్కాను. వెనక సీటు ఉందన్న మాటేగానీ, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే దాన్ని సీటనడానికి మనసొప్పలేదు.

కారు ఉస్మానియా క్యాంపస్‌లోకి మళ్లింది. ఎంతమంది హైదరాబాదీలు కారు నేర్చుకున్నది ఈ రోడ్ల మీదే కదా! పెద్దాయన కొడుకు కాళ్ల వైపు చూసి అడిగాడు.

"క్లచ్ పెడల్ ఏదిరా?"

"పెడల్ లేదు నాన్నా. లోపల క్లచ్‌లు మాత్రం రెండున్నాయి!"

దాని పేరే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. పెళ్లి భోజనాల్లో వడ్డన గుర్తు తెచ్చుకోండి. ఒకాయన పప్పు వేస్తుంటాడు. ఆయన పక్కకు జరగ్గానే కూర పడాలి కాబట్టి రెండో ఆయన గరిటె ముంచి సిద్ధంగా నిలబడతాడు. ఆయన కూర వేసేలోపు మొదటాయన సాంబారు బకెట్ పట్టుకొస్తాడు. విస్తరి ముందు ఖాళీ క్షణం ఉండదు. ఇక్కడా అంతే. 1, 3, 5 గేర్లు ఒక క్లచ్‌వి, 2, 4, 6 రెండో క్లచ్‌వి. మూడో గేరులో పరుగెడుతుండగానే నాలుగోది పళ్లు కలుపుకొని కూర్చుంటుంది. ఒక క్లచ్ వదులుతుంటే మరొకటి పట్టుకుంటుంది.

ఆలోచన కొత్తదేం కాదు. ఫ్రెంచి ఇంజినీరు అడాల్ఫ్ కెగ్రెస్ 1939 నాటికే దీన్ని ఊహించాడు. మన ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైందీ ఆ ఏడే! కానీ క్లచ్‌లను నడిపించే కంప్యూటర్ అప్పుడెక్కడిది? 1980లలో పోర్షే రేసు కార్లలో పెట్టి పరీక్షించింది. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో షోరూముల్లోకి వచ్చింది.

ట్రాక్ మీద దీని గొప్ప ఏమిటో కుర్రాడు వర్ణిస్తుంటే ఆపడం మావల్ల కాలేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మామూలు గేరు మార్చడానికి అర సెకను పట్టిందనుకోండి. ఆ కాసేపట్లో కారు ఇంజిన్ బలం లేకుండానే సుమారు 14 మీటర్లు వెళ్లిపోతుంది. ఇందులో ఆ తెగింపు దాదాపు ఉండదు. మలుపు ముందు గట్టిగా బ్రేకు తొక్కి, స్టీరింగ్ వెనక మీట లాగితే అయిదు నుంచి నాలుగు, మూడు, రెండు... ప్రతి గేరుకూ కారే ఇంజిన్ వేగాన్ని సరిచేసుకుంటుంది. మరీ వేగంలో ఉండగా రెండో గేరు అడిగితే ఇవ్వదు. ఇంజిన్ పేలిపోతుందని దానికి తెలుసు.

"మరి ఎప్పుడూ తడబడదా?" అన్నాను.

తడబడుతుందట. వేగం పెంచుతున్నాడు కదా అని అది పై గేరు సిద్ధం చేసుకుంటుంది. సరిగ్గా అప్పుడే ముందు కారు అడ్డొచ్చి మనం కింది గేరు అడిగామా... కూర గరిటెతో నిలబడ్డవాణ్ని మళ్లీ పప్పు అడిగినట్టే! క్షణం ఆలస్యం. అలాగే వరసగా చుట్లు కొడితే గేర్‌బాక్స్ నూనె కాగిపోతుంది. అందుకే చివరి చుట్టు నెమ్మదిగా తిప్పి, చల్లబరిచి ఆపుతారు.

ముందు రోడ్డు కాస్త ఖాళీగా కనబడింది. కుర్రాడి కళ్లు మెరిశాయి. "లాంచ్ కంట్రోల్ చూపిస్తా నాన్నా! బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ తొక్కి, బ్రేకు వదిలితే బాణమే."

పెద్దాయన అద్దంలోంచి వాకింగ్ చేస్తున్నవాళ్లను చూపించాడు. పక్కనే ఎవరికో స్కూటీ నేర్పుతున్నారు. "వాళ్లకు హెల్మెట్లు పెట్టించి వచ్చావా?" అన్నాడంతే. బాణం అంబులపొదిలోనే ఉండిపోయింది.

అసలు పరీక్ష క్యాంపస్ దాటాక, తార్నాక చౌరస్తా దారిలో వచ్చింది. శనివారం సాయంత్రం ట్రాఫిక్... జానెడు కదలడం, ఆగడం. అరగంటకల్లా డాష్‌బోర్డు మీద గేర్‌బాక్స్ వేడెక్కిందని దీపం వెలిగింది! ట్రాక్ మీద గర్జించిన కారుకు తార్నాకలో చెమటలు పట్టాయి.

కారణం తేలికే. ట్రాక్ మీద క్లచ్ గట్టిగా పట్టుకునే ఉంటుంది, గేరు మారేటప్పుడు మాత్రం క్షణకాలం జారుతుంది. ఫస్టు గేరులో కూడా క్లచ్ పూర్తిగా పట్టాలంటే కారు కనీసం ఏడెనిమిది కిలోమీటర్ల వేగం అందుకోవాలి. మన ట్రాఫిక్‌లో అంత వేగమెక్కడ? దాంతో క్లచ్ అదే పనిగా జారుతూ, రాసుకుంటూ, కాగుతుంది. ఈ కారు క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటాయి కాబట్టి కొంత నయం. ఇప్పుడు కుటుంబాలు కొనే కార్లలోనూ ఈ గేర్‌బాక్స్ వస్తోంది. వాటిలో కొన్నింటికి నూనె లేని పొడి క్లచ్‌లు, గాలే దిక్కు. కొనేముందు ఏ రకమో అడగండి. రోజూ ఇలాంటి దారిలో ఆఫీసుకెళ్లేవారైతే రెండుసార్లు అడగండి.

కుర్రాడు బ్రేకు మీద కాలు సగం ఆనించి, అంగుళం అంగుళం పాకిస్తున్నాడు.

"ఒరేయ్, హాఫ్ క్లచ్ మీద నడుపుతున్నావు" అన్నాడు పెద్దాయన.

"క్లచ్ లేదు కదా నాన్నా!"

"నీ కాలికి లేదు, దానికుంది. బ్రేకు పూర్తిగా తొక్కి ఆగు. ముందు రెండు కార్ల జాగా రానీ. అప్పుడు వదిలి ఒక్కసారే వెళ్లు. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో నిలబెట్టకు."

ఆగాం. ముందు జాగా ఏర్పడింది. వెంటనే ఓ ఆటో దూరింది. వెనక హారన్లు మోగాయి. కుర్రాడు విసుక్కోబోయాడు.

"పోనీలేరా, వాడూ ఇంటికెళ్లాలిగా. ఇంకో జాగా వస్తుంది."

మా వీధి మలుపు తిరిగేసరికి దీపం ఆరింది. పిల్లలు మళ్లీ చుట్టూ మూగారు. పెద్దాయన దిగి, నేరుగా వెనక చక్రం దగ్గరికెళ్లి, వంగి కింద చెయ్యి చాపి సెగ చూశాడు.

"ఇంకా కాగుతూనే ఉంది. కాసేపు ముట్టుకోకండర్రా" అన్నాడు.