స్విస్ విమానమా? మన విమానమా?

మా పిన్నిది రేపల్లె. పోయిన ఆదివారం తెనాలిలో ట్రైన్ ఎక్కి వెళ్లా. చెల్లి బాపట్లలో బీటెక్ ఆఖరి ఏడాది. ఏఎఫ్‌క్యాట్ రాసి పాసైంది, ఇంటర్వ్యూ పిలుపు కోసం చూస్తోంది. 2022 డిసెంబరులో కొరిశపాడు దగ్గర హైవే రన్‌వే మీద ఎయిర్‌ఫోర్స్ ట్రయల్ చేసింది కదా, అప్పటి నుంచి దానికి ఇదే పిచ్చి.

అన్నం వడ్డిస్తూ పిన్ని అడిగింది. "ఒరేయ్, దీనికి ముందు ఏ విమానం మీద నేర్పుతారు? కొత్తదేదో వస్తోందంట. నలుగురూ వాడి చూశాక అయితే బావుంటుంది గదా?"

"అమ్మా, నువ్వు మిక్సీ కొంటున్నావా?" అంది చెల్లి.

నవ్వాం గానీ, పిన్ని అడిగింది చిన్న ప్రశ్న కాదు. మా టీమ్ ఒకసారి పాతదానికంటే వేగంగా పనిచేసే సాఫ్ట్‌వేర్ రాసింది. కస్టమర్ చూసి, "బానే ఉంది, కానీ మాకు పాతదే అలవాటు" అన్నాడు. అంతే, ఏడాది కష్టం మూలన పడింది. కొత్తది బాగుంటే సరిపోదు, నమ్మించాలి.

సంగతేంటంటే, హైదరాబాద్ దగ్గర దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఒకప్పుడు హెచ్‌ఏఎల్ తయారుచేసిన హెచ్‌పీటీ-32 మీద తొలి పాఠాలు నేర్పేవాళ్లు. 2009లో జరిగిన ప్రమాదంలో ఇద్దరు పైలట్లు చనిపోయాక దాన్ని పక్కన పెట్టేశారు. తర్వాత 2012లో స్విట్జర్లాండ్ కంపెనీ పిలాటస్‌కి 75 పీసీ-7 మార్క్-2 విమానాలు ఆర్డర్ ఇచ్చారు. మరుసటి ఏడాదే అవి దుండిగల్‌లో దిగాయి.

అదే టైమ్‌లో హెచ్‌ఏఎల్ "మేం హెచ్‌టీటీ-40 చేస్తాం" అంది. ఎయిర్‌ఫోర్స్ వద్దంది. స్విస్ విమానం కళ్ల ముందు ఎగురుతోంది, మనది ఇంకా కాగితం మీదే ఉంది, పైగా ఖర్చెక్కువ అన్నది వాళ్ల వాదన. హెచ్‌పీటీ-32 చేదు అనుభవం ఉండనే ఉంది. వాళ్లను తప్పుపట్టలేం.

రెండూ ఒకే ఇంజిన్ ఉన్న టర్బోప్రాప్‌లే. అంటే లోపల జెట్ తరహా ఇంజిన్, అది ముందున్న ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. పీసీ-7 ఇంజిన్ 700 హార్స్‌పవర్, మనదాని ఇంజిన్ 950. కానీ ఫోన్ కొన్నట్టు స్పెక్స్ చూసి శిక్షణ విమానం కొనరు. నేర్చుకునేవాళ్లు తప్పు చేస్తారు. ఆ తప్పుని విమానం తట్టుకోవాలి, అదీ అసలు పరీక్ష.

అందులో కష్టమైనది స్పిన్. పట్టు తప్పిన విమానం గింగిరాలు కొడుతూ కిందికి పడుతుంటే, మళ్లీ దారిలోకి తేగలగాలి. 2016 మే 31న తొలిసారి ఎగిరిన హెచ్‌టీటీ-40 ఈ పరీక్షలో మొదట తడబడింది. తోక భాగం డిజైన్ మార్చారు. మళ్లీ ఎగిరారు. చివరికి వరసగా ఆరు చుట్లు తిరిగి బయటపడి చూపించింది. ఎయిర్‌ఫోర్స్ మనసు మారడానికి ఏళ్లు పట్టింది. 2023 మార్చిలో రూ.6,828 కోట్లకు 70 విమానాల ఆర్డర్ వచ్చింది.

గెలిచినట్టేనా? సగమే. డిజైన్ మనది, ఇంజిన్ అమెరికా కంపెనీ హనీవెల్‌ది. ఆ ఇంజిన్ల సరఫరా ఆలస్యమై, విమానాల అప్పగింత వెనక్కి జరిగింది. ఉత్పత్తి శ్రేణిలో మొదటిది బెంగళూరులో ఎగిరేసరికి 2025 అక్టోబరు వచ్చేసింది. మన కోడ్ ఎంత బాగున్నా, వేరేవాళ్ల సర్వర్ మీద నడుస్తుంటే అంతే కదా!

అయినా ఒక లాభం ఉంది. రేపు ఇందులో ఏదైనా లోపం బయటపడితే, డ్రాయింగ్ మార్చాల్సిన ఇంజినీర్ బెంగళూరులోనే ఉంటాడు. తోక మార్చిన అనుభవం ఇక్కడే ఉంది. నా దృష్టిలో పాతదానితో పోటీకి ఇదే అసలు బలం.

పిన్నికి ఇంత చెప్పలేదు. "రెండిట్లోనూ సీటుతో సహా బయటపడే ఏర్పాటు ఉంటుంది పిన్నీ, పక్కా పరీక్షలు చేశాకే పిల్లల చేతికిస్తారు" అన్నా. నలుగురూ వాడిన పీసీ-7 కూడా 2023 డిసెంబరులో తూప్రాన్ దగ్గర కూలి, ఇద్దరు పైలట్లు పోయారన్న మాట గొంతు దాకా వచ్చింది. మజ్జిగ పోసుకుని మింగేశా.

సాయంత్రం స్టేషన్ దాకా చెల్లి వచ్చింది. ట్రైన్ కదిలే ముందు అంది: "అన్నయ్యా, తూప్రాన్ సంగతి నాకు తెలుసు. నువ్వు అమ్మకి చెప్పకుండా మంచి పని చేశావ్."

"మరి?" అన్నా.

"ఏ విమానం ఇచ్చినా సరే. ముందు పిలుపు రానీ."