వెనిగర్ వాసనొచ్చే నిప్పు

వంటింటి వెనిగర్‌కు పులుపునిచ్చేదీ, క్యాన్లలో అద్దకం షెడ్లకూ మందుల ఫ్యాక్టరీలకూ చేరేదీ ఒకటే: ఎసిటిక్ ఆమ్లం. తేడా అంతా గాఢతలోనే ఉంది. వెనిగర్‌లో అది నూటికి 4 నుంచి 8 పాళ్లు. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం పేరుతో వచ్చే సరుకులో 99కి పైమాటే. చిక్కల్లా రెండింటి వాసనా ఒకటే కావడం. పచ్చడి సీసాలో ఎరిగిన వాసన డ్రమ్ము దగ్గర తగిలితే ఎవరూ ఉలిక్కిపడరు.

రసాయన శాస్త్రం దీన్ని బలహీన ఆమ్లం అంటుంది. నీళ్లలో కలిపినప్పుడు కొద్దిగానే అయాన్లుగా విడిపోతుందని ఆ మాటకు అర్థం. ఒళ్లు కాల్చదని కాదు. గాఢ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. చర్మం మీద పడ్డ వెంటనే పెద్దగా తెలియకపోవడం దీని మాయ. చేతిమీద చుక్క పడుతుంది, తువ్వాలుతో తుడుచుకుని పనిలో పడిపోతారు. బొబ్బ కొన్ని గంటల తర్వాత లేస్తుంది. ఆస్పత్రుల్లో వాడే పల్చటి లేటెక్స్ తొడుగులు దీన్ని ఆపలేవు. బ్యూటైల్ రబ్బరు తొడుగులు, పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు, రబ్బరు ఏప్రన్ కావాలి. గాలిలో దీని ఆవిరి పది లక్షల పాళ్లకు 10 పాళ్లు మించితే ఎనిమిది గంటల పనికి ఆ చోటు తగదు. 50 పాళ్లకు చేరితే ప్రాణాపాయం.

ఇదంతా ఆమ్ల గుణం. జనం మరిచిపోయేది రెండోదాన్ని. ఇది మండే ద్రవం. ద్రవం పైన పేరుకున్న ఆవిరి నిప్పురవ్వ తగలగానే గుప్పుమనడానికి ఎంత వేడి కావాలో చెప్పేది ఫ్లాష్ పాయింట్. ఎసిటిక్ ఆమ్లానికి అది దాదాపు 39 డిగ్రీల సెల్సియస్. చలిదేశాల్లో ఎవరైనా వేడి చేస్తే తప్ప ఆ అంకె రాదు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో నీడపట్టునే 45 డిగ్రీలు పలకడం కొత్తేమీ కాదు. ఇక రేకుల షెడ్డు సంగతి చెప్పేదేముంది! ఆ ఆవిరి గాలికన్నా రెండింతల బరువు. పైకి తేలిపోకుండా నేలబారున పాకుతూ పోతుంది. క్యాను మూత తీసింది ఒక మూలైతే, వెల్డింగ్ రవ్వ ఎగిరేది ఇంకో మూల కావచ్చు.

రోడ్డు మీద ఈ సరుకుతో వెళ్లే ట్యాంకర్‌ను చూస్తే 2789 అనే అంకె ఉంటుంది. దాని గుర్తులు రెండు. ఒకటి చేతినీ లోహాన్నీ తినేస్తున్న చుక్కల బొమ్మ, రెండోది ఎర్రటి పలక మీద మంట బొమ్మ. రవాణా నిబంధనలకు రెండూ గుర్తున్నాయి. సరుకు గోడౌనులో దిగగానే రెండో బొమ్మ మాయమవుతుంది. ‘యాసిడే కదా’ అని యాసిడ్ల వరసలోకి తోసేస్తారు.

అసలు తప్పు అక్కడే జరుగుతోంది. ఇంటర్ కాలేజీ ల్యాబులో సాల్ట్ అనాలిసిస్ బల్ల వెనక అలమారా తెరిస్తే సల్ఫ్యూరిక్, నైట్రిక్, ఎసిటిక్ ఆమ్లాలు భుజాలు రాసుకుని కనిపిస్తాయి. సర్దిన మనిషి పొందిగ్గానే సర్దాననుకుంటాడు. నైట్రిక్ ఆమ్లం మంటను ఎగదోసే పదార్థం, ఎసిటిక్ ఆమ్లం మండే పదార్థం. రెండు సీసాలూ పగిలి కలిస్తే విపరీతమైన వేడి పుడుతుంది, మంటే లేవవచ్చు, పేలవచ్చు. క్రోమిక్ ఆమ్లం, పర్మాంగనేటు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా దీనికి పడవు. కాస్టిక్ సోడా కలిస్తే వేడితో చిమ్ముతుంది. దీని చోటు మండే ద్రావకాల దగ్గర, అదీ కింద విడి ట్రేలో, గాలి ఆడే చల్లటి గదిలో. మామూలు ఇనప పాత్రను తినేస్తుంది, తింటూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. అందుకే పెద్ద ఎత్తున నిల్వకు స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు, చిన్న మొత్తాలకు మందపాటి ప్లాస్టిక్ క్యాన్లు.

చలికాలానిది వేరే తంటా. 16.6 డిగ్రీల దగ్గర ఇది గడ్డకట్టి మంచుముక్కలా మారుతుంది. గ్లేషియల్ అన్న పేరు అందుకే వచ్చింది. ఆదిలాబాద్ వైపు డిసెంబరు రాత్రి చాలు దీనికి. పొద్దున్నే పని ఆగిపోయిందని స్టవ్ మీదో హీటర్ పక్కనో పెట్టి కరిగించబోవడమంత తెలివితక్కువ పని లేదు. మూత కాస్త వదులు చేసి, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో నిలబెడితే నిదానంగా అదే కరుగుతుంది. కరిగేకొద్దీ పరిమాణం పెరుగుతుంది కాబట్టి నిండు సీసాను బిగించి ఉంచకూడదు.

పలుచన చేసేటప్పుడు ఆమ్లాన్ని నీళ్లలో పొయ్యాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లంలా ఇది ఉడికిపోదు, అయినా చేతికి ఒకే అలవాటు ఉండటం మేలు. పలుచన చేసినదాన్ని మంచినీళ్ల సీసాలో పోసి ఉంచడం మాత్రం క్షమించరాని పని. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి పరీక్షలో 3 నుంచి 5 శాతం ద్రావణం వాడతారు. అక్కడ సీసా మీద శాతం రాసి లేకపోతే కాలేది పరీక్షకు వచ్చిన ఆడమనిషి ఒళ్లు.

ఒంటిమీద పడితే తడిసిన బట్టలు తీసేసి, ధారగా పడే నీళ్లకింద కనీసం పావుగంట ఉండాలి. కంటికైనా అంతే, రెప్పలు తెరిచి పట్టుకుని కడగాలి. పుండు మీద వంటసోడా చల్లకూడదు. మింగినవారికి వాంతి చేయించకూడదు, దిగేటప్పుడు కాల్చిన గొంతును ఎక్కేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. 108కి ఫోన్ చేసి, సీసాను కూడా వెంట పంపాలి. నేల మీద ఒలికితే ఇసుక చల్లాలి, రంపపు పొట్టు కాదు. మంటలు లేస్తే పొడి రసాయనం, కార్బన్ డయాక్సైడ్, లేదా తుంపర్లుగా చిమ్మే నీళ్లు. మామూలు నురగ నీళ్లలో కలిసే ఈ ద్రవం మీద నిలవక విరిగిపోతుంది, ఆల్కహాల్ మంటలకు వాడే నురగే పనిచేస్తుంది.

ఎండలు ముదరకముందే ల్యాబుల వాళ్లూ గోడౌన్ల వాళ్లూ ఒక్కసారి అలమారా తెరిచి చూడాలి. నైట్రిక్ పక్కన ఎసిటిక్ ఉంటే, ఈ రోజే దాన్ని అక్కడినుంచి తియ్యాలి.