హెఫ్సీబా పేరులో ‘బా’ ఎక్కడికి పోయింది?

‘హెఫ్సీబా’ అన్న పేరు వినగానే ముసిముసిగా నవ్వే సోదర పండితులను చాలామందినే చూశాను. అర్థంపర్థం లేని పరదేశి పేరనీ, పలకడానికి నోరు తిరగదనీ వారి తీర్పు. ధృష్టద్యుమ్నుని తడబడక ఉచ్చరించే నోళ్లకు ఇక్కడేమి అడ్డం వచ్చిందో!

అర్థం లేదనడం మరీ అన్యాయం. ఆ పేరు ఒక సంపూర్ణ వాక్యం. హీబ్రూ భాషలో ‘హెఫ్సీ’ అంటే నా ఆనందము, నా ఇష్టము. ‘బాహ్’ అంటే ఆమెయందు. వెరసి, ‘ఆమెయందు నా ఆనందము’. క్రియాపదం లేదు. ఆంగ్లంలో చెప్పాలంటే నడుమ ఒక క్రియను ఇరికించక తప్పదు. ‘ఆయన మా గురువు’, ‘మాది గుంటూరు’ అనే మనకు ఆ అగత్యం లేదు. విభక్తితో సహా మన వాక్యంలో ఇట్టే ఒదిగే పేరు పరాయిదట!

బైబిలులో ఇది రెండు చోట్లనే కనిపిస్తుంది. రాజుల రెండవ గ్రంథంలో మనష్షే రాజు తల్లి పేరుగా ఒక్కమాటలో వచ్చిపోతుంది. సారమంతా యెషయా 62వ అధ్యాయంలో ఉంది. యెరూషలేము నగరాన్ని స్త్రీగా భావించి, ఇకపై నిన్ను ‘అజూబా’ అనరు, హెఫ్సీబా అంటారు అని అక్కడి ఊరడింపు. అజూబా అంటే విడువబడినది. చిత్రమేమంటే అదీ ఒక రాజమాత పేరే. యెహోషాపాతు తల్లి ఆమె.

పేరులో ఏముందిలే అనేవారు మహారాష్ట్రలోని సతారా జిల్లా సంగతి తలచుకోవాలి. కొడుకు కోసం ఎదురుచూసిన ఇళ్లలో పుట్టిన ఆడపిల్లలకు ‘నకుసా’, అనగా అక్కరలేనిది, అని పేరు పెట్టేవారు. 2011 అక్టోబరులో అధికారులు సభ చేసి 285 మంది బాలికలకు కొత్త పేర్లు ఇచ్చారు. యెషయా ఆ నగరానికి చేసిందీ ఇదే.

పండితుల మాట అటుంచి, నా అసలు కోపం ఆ పేరు పెట్టుకున్న ఇళ్లవారి మీద. ముద్దు పేరిట ‘హెప్సీ’ అని కురచ చేస్తారు. అదే బడిలో చేరుతుంది. గుమాస్తా ఉదారుడైతే ‘హెప్సీబాయి’ అవుతుంది! అయ్యా, మీరు తుంచేసిన ఆ ‘బా’యే కదా ‘ఆమెయందు’! అది పోతే మిగిలేది ‘నా ఇష్టము’ మాత్రమే. ఎవరియందు ఇష్టమో ఆ పిల్ల తన పేరులోనుంచే వెళ్లిపోయింది. జార్జ్ ఇలియట్ 1861లో వెలువరించిన ‘సైలస్ మార్నర్’ నవలలోని పాపకూ ఈ పేరే పెట్టి ‘ఎప్పీ’ అని పిలుస్తారు. పాపం, అక్కడ హకారం కూడా దక్కలేదు. ఆంగ్లేయులకు చెల్లింది. సప్తమీ విభక్తి వల్లెవేసిన మనకేమి వచ్చింది?

ఇంట్లో ఏమని పిలుచుకుంటారో మీ చిత్తం. బడి రిజిస్టరులో, పదవ తరగతి సర్టిఫికెట్టులో మాత్రం ‘బా’తో సహా రాయించండి. గుమాస్తా విసుక్కుంటే విసుక్కోనివ్వండి, దగ్గర నిలబడి ఒక్కొక్క అక్షరమే చెప్పండి. మొత్తం మూడక్షరాలు.