వనద్వారం ఎవరికి తెరవవలెను?

ప్రకృతి దర్శనం మానవునికి విలాసం కాదు, అవసరం. ఇరుకు సందులలో, చాలీచాలని గదులలో జీవించే పట్టణవాసికి ఒక చెట్టు నీడ, ఒక నెమలి కేక, కాసేపు నిశ్శబ్దం ఔషధంతో సమానం. అందుచేతనే ఉద్యానవనాలను, రక్షితారణ్యాలను ప్రజల ఉమ్మడి సొత్తు అంటున్నాము. అయితే ఉమ్మడి సొత్తుకు రెండు విధాల ప్రమాదం ఉన్నది. అందరూ వాడుకొని పాడుచేయడం మొదటిది. కాపాడుతున్నామనే పేరుతో కొందరికే దక్కేటట్లు చేయడం రెండవది. మొదటి దానిని గురించి ఉపన్యాసాలు తరచుగా వింటున్నాము. రెండవ దానిని గురించి ఆలోచించేవారు అరుదు.

మన నగర పరిసరాల చరిత్రనే తీసుకొందాము. వనస్థలిపురం వద్దనున్న మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటభూమి. నేడు అది కృష్ణజింకలకు ఆశ్రయం. బంజారాహిల్స్‌లో చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న సుమారు 390 ఎకరాల అడవి 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనమైనది. నల్లమలలోని ఫరహాబాదు పేరే ఆనాటి రాజవిహారాలను గుర్తు చేస్తున్నది. ప్రభువుల వినోదస్థలాలు ప్రజల వనాలు కావడం ప్రజాస్వామ్యం సాధించిన విజయాలలో ఒకటి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ విజయానికి కంచె కట్టింది. ఆ కంచెకు పెట్టిన ద్వారం ఎవరికి, ఎంతమందికి, ఏ షరతుపై తెరవవలెను అన్నదే నేటి ప్రశ్న.

జనసమ్మర్దం వల్ల అడవికి కీడు జరుగుతుందన్నది నిర్వివాదం. వేల పాదాలు తొక్కిన నేల గట్టిపడుతుంది. గట్టిపడిన నేలలో వాననీరు ఇంకదు. పైపైన పారి మట్టిని కోసుకొని పోతుంది. వేళ్ళు బయటపడతాయి. బాట బురద అయినప్పుడు నడిచేవారు పక్కకు జరుగుతారు, బాట వెడల్పవుతుంది, మరికొంత గడ్డి నశిస్తుంది. యాత్రికులు జాలితో విసరే అరటిపండ్లకు, బిస్కెట్లకు అలవాటుపడిన కోతులు అడవిలో ఆహారం వెదకడం మాని రోడ్డు పక్కన కాచుకొని కూర్చుంటాయి. కొన్ని వాహనాల కింద పడి చనిపోతాయి. ఆహారపు వాసన తగిలిన ప్లాస్టిక్ సంచిని జింక మేస్తుంది. ఇవన్నీ దుర్మార్గులు చేసే పనులు కావు. సంఖ్య మితిమీరినప్పుడు, ఎరుక కొరవడినప్పుడు సాధారణ పౌరులు చేసే పనులే.

దీనికి సులభోపాయంగా తోచేది ప్రవేశ రుసుమును పెంచడం. రుసుము వల్ల కావలివారి జీతాలకు ధనం సమకూరుతుందని, ఉచితంగా లభించిన దానిని ప్రజలు గౌరవించరని వాదించేవారున్నారు. ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. స్వల్ప రుసుమును ఎవరూ ఆక్షేపించరు. కాని ధనవంతుని పాదం భూమిపై తేలికగా పడదు గదా! పది మంది పేదలు కాలినడకన చేసే హాని కన్న ఒక కుటుంబం వాహనంలో వచ్చి చేసే హాని ఎక్కువ కావచ్చును. రుసుము హెచ్చిన కొద్దీ తగ్గేది హాని కాదు. తగ్గేది పేదవాని రాక. వేటభూమికి కంచె తీసి, దాని స్థానంలో వెలల పట్టిక వ్రేలాడదీసినచో మనం సాధించినదేమి?

ఈ సందర్భంలో ఇస్లామీయ చరిత్రలోని 'హిమా' సంప్రదాయం స్మరణీయం. ఇస్లాముకు పూర్వం అరబ్బు నాయకులు మంచి పచ్చిక బయళ్ళను తమ మందల కొరకే ప్రత్యేకించుకొనేవారు. ప్రవక్త ఆ స్వార్థపు హద్దులను రద్దు చేసి, సమష్టి ప్రయోజనానికి మాత్రమే భూమిని రక్షించవచ్చునని నిర్ణయించారు. తరువాత ఖలీఫా హజ్రత్ ఉమర్ రక్షిత భూమి కావలివానికి చేసిన హితబోధ బుఖారీ సంకలనంలో నమోదై ఉన్నది. కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు గలవారిని లోనికి రానిమ్మని, గొప్ప మందలుగల సంపన్నుల విషయంలో జాగ్రత్త వహించమని ఆయన ఆదేశించారు. సంపన్నుని మంద నశించినా అతనికి తోటలు, పొలాలు ఉంటాయి. పేదవానికి ఆ మంద తప్ప గతి లేదన్నది ఆయన తర్కం. రక్షణ, న్యాయం ఒకే వాకిట నిలువగలవనడానికి ఇంతకన్న నిదర్శనం ఏమి కావలెను?

కనుక పరిమితి సంఖ్యచేత ఏర్పడవలెను గాని ధనంచేత కాదు. రోజుకు ఇంతమంది అని నిర్ణయించి, ముందు వచ్చినవారికి ముందు అవకాశమిచ్చి, కొంత భాగాన్ని విద్యార్థులకు ప్రత్యేకించుట న్యాయమైన పద్ధతి. ఆ సంఖ్యను ఊహతో నిర్ణయించరాదు. 1985లో అమెరికా అటవీశాఖ శాస్త్రజ్ఞులు ఒక మార్గం సూచించారు. ఎంతమంది రావచ్చునని మాత్రమే అడుగక, ఎంతటి మార్పును సహించగలమని ముందు నిశ్చయించుకొనవలెను. బాట వెడల్పును, నేల కోతను, చెత్తను కొలుస్తూ ఉండవలెను. హద్దు మీరిన వెంటనే చర్య తీసుకొనవలెను. మన దేశంలోనూ 2012లో సుప్రీంకోర్టు విచారణ దరిమిలా వెలువడిన మార్గదర్శక సూత్రాలు పులుల అభయారణ్యాలలో పర్యటనను కీలక ప్రాంతపు విస్తీర్ణంలో 20 శాతానికి పరిమితం చేశాయి.

అడవిలో నివసించేవారిని మరచిన ఏ ప్రణాళికా నిలువదు. నల్లమలలో చెంచులు అతిథులు కారు, ఆ ఇంటివారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఈ సత్యాన్ని అంగీకరించింది. పర్యాటకుల వాహనాలకు బాట వేసి, తేనె సేకరించే చెంచును అనుమానించుట ధర్మం కాదు. మారేడుమిల్లిలో స్థానిక గిరిజనులే వన సంరక్షణ సమితుల ద్వారా విడిది నడిపి, వంట చేసి, దారి చూపిన అనుభవం మనకున్నది. అడవి వలన జీవనం దొరికినవాడే అడవికి మంచి కావలివాడు.

ఇక మన కర్తవ్యం. కళాశాల కమిటీ పెద్దలకు మూడు సూచనలు సవినయంగా సమర్పిస్తున్నాను. వార్షిక విహారయాత్రకు వందలమందిని ఒకేసారి తరలించక చిన్న జట్లుగా పంపవలెను. ధ్వనివర్ధకాలను, ప్లాస్టిక్ విస్తళ్ళను నిషేధించవలెను. ప్రవేశ రుసుము చెల్లించలేని విద్యార్థికి కళాశాల నిధినుండి చెల్లించవలెను. డబ్బు లేక ఏ ఒక్కరూ ద్వారం వద్ద ఆగిపోరాదు. వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర విద్యార్థులు అటవీశాఖ అనుమతితో ఒక ఉద్యానవనాన్ని ఎన్నుకొని, ఏటా బాటల కొలతలు తీసి, ఫలితాలను తెలుగులోను ఉర్దూలోను ప్రకటించవలెను. 2017 నుండి తెలంగాణ అంతటా ఉర్దూ రెండవ అధికార భాష. వనంలోని హెచ్చరిక చదివి అర్థం చేసుకొన్నవాడే దానిని పాటించగలడు.

విద్యార్థి మిత్రులారా! వనం మనది అన్న మాటకు అర్థం మనకు నచ్చినట్లు వాడుకొనవచ్చునని కాదు. మన తరువాత వచ్చువానికి, మనకన్న పేదవానికి అది మిగిలి ఉండవలెనని. ఆ ద్వారం సంపదను చూసి తెరుచుకొనరాదు, సంయమనాన్ని చూసి తెరుచుకొనవలెను.