దండు ద్వారము వద్ద మన హక్కు, మన బాధ్యత

గత మాసమున మా అంగడిలో పనిచేయు కుర్రవాడొకడు సైనిక ప్రాంగణమునకు సరుకులు చేర్చి మరలి వచ్చుచు, ద్వారము ప్రక్కన నిలిచి సెల్ ఫోనుతో తన ఫోటో తీసికొనెను. పారా కాయుచున్న జవాను అతనిని నిలిపెను. కుర్రవాడు శ్రీకాకుళము జిల్లానుండి వచ్చి మూడు మాసములే యైనది, హిందీ రాదు. ప్రశ్నలకు జవాబు చెప్పలేక బెదరి పరుగెత్తబోయెను. దానితో అనుమానము బలపడెను. సాయంకాలము నాలుగు గంటలకు నిలిపిన వానిని రాత్రి తొమ్మిదిన్నరకు గాని పోలీసు ఠాణాకు చేర్చలేదు. మేము నలుగురము పోయి హామీ చెప్పిన పిదప పోలీసులు విచారించి విడిచిపెట్టిరి. అతనిపై ఎవరును చేయి చేసికొనలేదు. కాని ఆ ఐదున్నర గంటలు అతడెక్కడ నున్నాడో మాకు చెప్పువారు లేకపోయిరి. ఫోను పది దినములకు చేతికి వచ్చినది. దానికి రసీదు లేదు.

సైన్యముపై నింద మోపుటకు ఈ సంగతి వ్రాయుటలేదు. 2016 జనవరిలో పఠాన్‌కోట వైమానిక స్థావరముపైనను, అదే సంవత్సరము సెప్టెంబరులో ఉరీ శిబిరముపైనను జరిగిన దాడులను మరచిన వారెవరు? ఆ జవాను స్థానమున నేనున్నను కుర్రవానిని నిలిపియే యుందును. తప్పు నిలుపుటలో లేదు. నిలిపిన తరువాత జరిగిన దానిలో నున్నది.

దండు హద్దులో అడుగిడినంత మాత్రమున పౌరుడు సైనిక చట్టమునకు లోబడినవాడు కాడు. మిలిటరీ పోలీసుల అధికారము సైనికులపైననే. పౌరుని నేరమును విచారించుట సామాన్య పోలీసుల పని. శిక్షించుట న్యాయస్థానముల పని. అంతేకాదు, సైనికుడే ఒక పౌరుని హత్య చేసినచో, యుద్ధవిధి మొదలగు కొన్ని సందర్భములలో తప్ప, సైనిక న్యాయస్థానము దానిని విచారింపరాదని 1950 నాటి సైనిక చట్టము 70వ సెక్షను చెప్పుచున్నది. పోలీసు కానివారు నేరము చేయువానిని పట్టుకొన్నచో అనవసరమైన జాప్యము లేక, ఆరు గంటలలోపల, పోలీసులకు అప్పగింపవలెనని 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షను విధించుచున్నది. ఆరు గంటలనునది కడపటి గడువే గాని, అంతసేపు ఉంచుకొనుటకు అనుమతి కాదు.

వీథుల విషయమున కూడ న్యాయమిదియే. భద్రతా కారణమున తప్ప, ప్రజల అభ్యంతరములను కోరుచు ప్రకటన చేయక, దండులోని వీథిని శాశ్వతముగా మూయరాదని 2006 నాటి కంటోన్మెంటు చట్టము 258వ సెక్షను నియమించినది. ఈ నియమమును పాటింపక మూసిన రహదారులను తెరువవలసినదిగా 2018 మే మాసమున రక్షణ మంత్రిత్వశాఖయే ఆదేశింపవలసి వచ్చెను.

“దండు మన ఖాతాదారు, దానితో మనకు పేచీ యేల?” అని మన పెద్దలు కొందరందురు. మన పూర్వులలో అనేకులు దండు వెంట వచ్చి, దండునకు సరుకులిచ్చియే ఈ ఊళ్లలో నిలద్రొక్కుకొన్న మాట నిజము. కాని చట్టము చెప్పిన పద్ధతిని వినయముతో అడుగుట పేచీ కాదు. అడుగువారు లేనిచోట మంచి అధికారి మంచితనమే మనకు రక్ష. అతడు బదిలీయైన నాడు ఆ రక్షయు పోవును.

కావున పుణే, ఖడ్కీ, బెళగావి వంటి దండు ఊళ్లలోని మనవారికి నా మనవి. సరుకులు మోయు ప్రతి కుర్రవానికి గుర్తింపు పత్రము, యజమాని ఫోను నంబరు ఇచ్చి పంపుడు. ద్వారముల వద్ద ఫోటోలు తీయరాదనియు, నిలువుమన్నప్పుడు పరుగెత్తరాదనియు ముందే బోధింపుడు. “నాకు తెలుగు మాత్రమే వచ్చును, మా యజమానిని పిలువుడు” అను మాటను హిందీలో నేర్పుడు. నేను ఈ పని చేయకపోవుట నా తప్పని ఒప్పుకొనుచున్నాను. ఇక మన సంఘము స్టేషను కమాండరుగారిని దర్శించి మూడు కోర్కెలు విన్నవింపవలెను: నిషేధపు పలకలపై ప్రాంతీయ భాషతోపాటు తెలుగును ఉంచుట, పౌరుని నిలిపిన వెంటనే ఠాణాకును, అతని వారికిని కబురు చేయుట, స్వాధీనపరచుకొన్న వస్తువునకు రసీదిచ్చుట.

వీనిలో ఏదియు దేశరక్షణకు భంగము కలిగించునది కాదు. కుర్రవాడు మరల పనికి వచ్చుచున్నాడు గాని, ఆ ద్వారము వైపు సరుకులు తీసికొనిపొమ్మనిన నేటికిని వెళ్లుటలేదు.