చెవికి తొలి గురువు

జంషెడ్‌పూర్ నగరంలోని సిద్ధగోరా సూర్యమందిరం వద్ద ఛఠ్ పూజనాడు బీహారీ స్త్రీలు పాడే పాటలకు గురువు లేడు. తల్లి పక్కన నిలిచి విన్న బాలికే రేపటి గాయని. ఆ ప్రాంతపు సంతాల్ బిడ్డకు తుమ్‌దాక్ మద్దెల, తమాక్ నగారాల లయ సామూహిక నృత్యంలో అడుగులతోపాటే అలవడుతుంది. కర్ణాటక సంగీతం అభ్యసించే తెలుగు బిడ్డ మాత్రం గురువు ఎదుట కూర్చుండి, మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలతో ఆరంభిస్తాడు.

1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ వీరిని ఇరుగుపొరుగు చేసింది. ఒకరి గానం మరొకరికి వింతగా తోచవచ్చు. అది చెవి లోపం కాదు, పెంపకంలోని భేదం. అయితే గురువు లేని పాటకు ఇల్లూ వాడా మాత్రమే పాఠశాలలు. అక్కడ ఒక్క తరం మౌనం వహించినా ఆ పాట తెగిపోతుంది.