నూనెను తినే క్రిములున్నాయని నేలను పాడు చేయవచ్చా?

క్రిములంటే జబ్బులే అనుకుంటాం. కానీ మట్టిలో ఉండే కొన్ని రకాల బ్యాక్టీరియా పెట్రోలు, డీజిలు వంటి నూనెలనే ఆహారంగా తీసుకుని, చివరకు నీరుగా, బొగ్గుపులుసు వాయువుగా మార్చేస్తాయి.

1989 మార్చిలో అమెరికాలోని అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుండి సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు సముద్రంలో కలిసింది. ఒడ్డున ఉన్న బ్యాక్టీరియాకు బలం కోసం నత్రజని, భాస్వరం ఉన్న ఎరువులు చల్లారు. చాలాచోట్ల నూనె త్వరగా తగ్గింది. అయినా 2001లో తవ్వి చూస్తే, రాళ్ల కింద గాలి ఆడనిచోట నూనె ఇంకా మిగిలే ఉంది.

అందుకే నేను చెప్పేదేమిటంటే, ఈ క్రిములు మంచి పనివాళ్లే గాని మన నిర్లక్ష్యానికి మందు కావు. వాటికి గాలి, తేమ, సమయం కావాలి. పైగా వాడిన ఇంజన్ ఆయిల్‌లో సీసం వంటి లోహాలు ఉండవచ్చు. లోహాన్ని ఏ బ్యాక్టీరియా తిని లేకుండా చేయలేదు.

కాబట్టి బండికి, ట్రాక్టరుకు ఆయిల్ మార్చినప్పుడు పాతది బావి దగ్గరో, కాలువలోనో పారబోయకండి. మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవారికి ఇవ్వండి. నూనె పడిన మట్టిలో పిల్లలను ఆడనివ్వకండి. చేతులకు అంటితే కిరోసిన్‌తో కాదు, సబ్బుతో కడుక్కోండి. బావి నీటికి పెట్రోలు వాసన వస్తే తాగడం మానండి. కాచినంత మాత్రాన ఆ నీరు మంచిది కాదు.